ఒక్క చేప కూడా లేని కంపెనీ

శుక్రవారం ఉదయానికి ఉమామహేష్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరింటికి లేవడం, ఇస్త్రీ చొక్కా తొడుక్కోవడం, ఎనిమిదిన్నరకల్లా మద్దిలపాలెంలో ఆఫీసు తెరవడం, పదకొండింటికి కంపెనీలో డబ్బు పెట్టడానికి హైదరాబాదు నుంచి వచ్చే హిమబిందు గారికి గోడ మీది టీవీలో ఆర్డర్లు చూపించడం, పన్నెండింటికి ఒప్పందం మీద ఆవిడ చేత సంతకం పెట్టించుకోవడం. ఇందులో ఎక్కడా చేప ముట్టుకోవలసిన పని లేదు. చేపల కంపెనీ పెట్టినవాడు చేప ముట్టుకోకపోవడమేమిటని మీకు అనిపించొచ్చు. అతని గొప్పంతా అందులోనే ఉందని అతను చెప్పుకునేవాడు.

కంపెనీ పేరు 'గాలం'. భీమిలి ఒడ్డున పడవ దిగిన చేపను పట్నంలో పొయ్యి దాకా చేర్చే మొబైల్ యాప్. కంపెనీకి పడవ లేదు, వల లేదు, బండి లేదు, ఐసుగడ్డ లేదు. అమ్మేవాళ్లనీ కొనేవాళ్లనీ ఫోనులో కలిపి, మధ్యలో నిలబడి, అటు చిటికెడు ఇటు చిటికెడు తీసుకోవడమే వ్యాపారం. ఈ నమూనా ఊరికే రాలేదు. రెండేళ్ల పాటు తెల్లబోర్డు మీద గీసి, చెరిపి, మళ్లీ గీస్తే వచ్చింది. మొదటి నమూనాలో పడవలవాళ్లను నెలకింత కట్టమన్నాడు. "సముద్రమే అద్దె అడగనేదు, నీ పోనుకేటి అద్దె?" అని వాళ్లు నవ్వి ఊరుకున్నారు. రెండో నమూనాలో యాప్ ఊరికే ఇచ్చి ప్రకటనల మీద బతుకుదామనుకున్నాడు. వచ్చింది ఒకే ఒక్క ప్రకటన, అదీ కోళ్ల ఫారం వాళ్లది. మూడోదే ఈ చిటికెడు నమూనా.

దీనికీ ఒక చిక్కుంది. కొనేవాళ్లు లేకపోతే పడవలు చేరవు, పడవలు లేకపోతే కొనేవాళ్లు చేరరు. చెట్టు ముందా విత్తు ముందా అన్న పాత తగువే. పడవల సంగతి అతని మేనత్త, పిల్లనిచ్చిన అత్త కూడా అయిన గురువమ్మ పుణ్యమా అని తేలిపోయింది. కొనేవాళ్లే తేలలేదు. రోజుకు ఆరేడు ఆర్డర్లు వచ్చేవి, వాటిలో రెండు సొంత పెళ్లాం సాయిదుర్గవి.

"ఇయ్యాల ఆ మేడమ్ సంతకం ఎట్టకపోతే ఏటి సేత్తావు?" అని ఆ సాయిదుర్గే కాఫీ గ్లాసు ఇస్తూ అడిగింది.

"ఎడతాది."

"ఎట్టకపోతే?"

"సోమారం నుంచి మీ అన్న సెప్పిన పనికి ఎల్లిపోతాను. మాటిచ్చాను కదేటి."

ఆ పని పోర్టులో వేబ్రిడ్జి దగ్గర గుమాస్తాగిరీ. లారీ వస్తుంది, తూగుతుంది, నంబరు రాసుకోవాలి, లారీ పోతుంది. మళ్లీ ఇంకో లారీ వస్తుంది. ఆ పనికి పోవడం ఉమామహేష్‌కు బొత్తిగా ఇష్టం లేదు. అందుకే ఈసారి ఏ సందూ వదల్లేదు. ముందు రోజు సాయంత్రమే బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు: రేపు పదకొండింటికి అందరూ గాలంలో తలా ఒక ఆర్డరు నొక్కండి, చేపలు రావు, ఉత్తుత్తినే, మేడమ్‌కి చూపించడానికి.

ఈ బంధువులు చిరునామా టైపు చేసే రకం కాదని అతని భాగస్వామి నజీర్ అహ్మద్‌కు తెలుసు. నజీర్‌ది వన్‌టౌన్‌లో తాళాల కొట్టున్న ఇల్లు. కంప్యూటరు చదివి, ఉమామహేష్ మాటలు నమ్మి, కొట్టు తమ్ముడికి వదిలేసి వచ్చాడు. తెలివైనవాడు గనక ఒక పని చేశాడు. ఆ రోజు చిరునామా లేకుండా వచ్చిన ప్రతి ఆర్డరుకూ ఆఫీసు చిరునామాయే పడేట్టు రాసి పెట్టాడు.

ఇక మిగిలింది గురువమ్మకు చెప్పడం. ఆరున్నరకు ఉమామహేష్ ఫోను చేశాడు.

"అత్తా, ఇయ్యాల యాపులో సేనా ఆర్డర్లు వొత్తాయి. ఏదీ నిజం కాదు. ఎవలికీ సేపలొద్దు. ఒక్క సేప కూడా పంపకు."

"వొద్దా?"

"వొద్దత్తా."

"సర్లే నాయినా, వొద్దులే," అని గురువమ్మ నవ్వింది.

ఆ నవ్వు దగ్గర అల్లుడు ఒక్క నిమిషం ఆగి ఉంటే మనకీ కథ లేదు. గురువమ్మ ముప్పై ఏళ్లుగా భీమిలి ఒడ్డున చేపల వేలం పాట పాడే మనిషి. పడవ దిగగానే చేపలు కుప్ప పోస్తారు, బేరగాళ్లు చుట్టూ చేరతారు, ఆవిడ ధర పెంచుకుంటూ పోతుంది. ఆ ముప్పై ఏళ్లలో చేపలు కావాలని నోరు తెరిచి అన్న బేరగాడు ఒక్కడూ లేడు. "మాకొద్దు, నిన్నటివే ఉన్నాయి" అంటారు. "ఊరికే చూసి పోదామని వచ్చాం" అంటారు. అన్నవాళ్లే పాటలో ముందుంటారు. ఎంత గట్టిగా వద్దంటే లోపల అంత ఆశ అని ఒడ్డు మీద చిన్నపిల్లకు కూడా తెలుసు. ధర తేలేదాకా వద్దన్న మాటకు అక్కడ లెక్క లేదు. ధర తేలాక వద్దంటే మాత్రం వద్దే, ఆ మనిషిని మళ్లీ బతిమాలరు. గాలంలో కూడా ఆర్డరు ముందు నొక్కుతారు, చేప దిగాక ధర గురువమ్మే చెబుతుంది. అంచేత అల్లుడు పట్నం జనం తరఫున బేరం మొదలుపెట్టాడనీ, కుర్రాడికి ఇన్నాళ్లకు వ్యాపారం ఒంటబట్టిందనీ ఆవిడ మురిసిపోయింది.

ఎనిమిదిన్నరకు ఆఫీసు తలుపు తీసేసరికి నజీర్ టీవీ ముందు రాయిలా నిలబడి ఉన్నాడు.

"బావా, రెండొందల పద్నాలుగు."

"ఏటి రెండొందల పద్నాలుగు?"

"ఆర్డర్లు. అల్లా కసమ్, నాను ఏటీ సెయ్యనేదు."

టీవీ ఠింగుమంది. రెండొందల పదిహేను. పేర్లు చూస్తే సగం మంది ఎవరో తెలియదు. అసలు దోషి ఎవరో మాత్రం తెలిసింది. ఏడింటికే పడ్డ మొదటి పదకొండు ఆర్డర్లూ మేనమామ తాతబాబువి. తాతబాబు స్టీలు ప్లాంటులో ముప్పై నాలుగేళ్లు చేసి దిగిపోయిన మనిషి. ఉమామహేష్ ఫోను కలిపాడు.

"మావా, పదకొండింటికి కదా నొక్కమన్నాను!"

"పదకొండంటే పదకొండుకేనేటి? నాను డ్యూటీకి ఏనాడైనా టైముకెల్లానా? గంట ముందే గేటు కాడ ఉండీవోడ్ని."

"ఇది నాలుగ్గంటల ముందు మావా!"

"పెద్ద పని కదరా. అయినా ఒక్కటేటి, సిన్నతనం కాదా? మా వాకింగోళ్ల గ్రూపులో ఎట్టాను, మా రిటైరైనోళ్ల గ్రూపులో ఎట్టాను, నవ్వుల కలబ్బులో ఎట్టాను. మనోడి పరువు, నొక్కండర్రా అన్నాను. నొక్కుతన్నారు."

ఫోను పెట్టేశాక ఉమామహేష్‌కు మొదట కంగారు పుట్టింది, తర్వాత మెల్లగా సంతోషం వేసింది. అంకె అంకే. హిమబిందు గారు చూసేది అంకెను. అయినా జాగ్రత్త మంచిదని అత్తకు మళ్లీ ఫోను చేశాడు. వెనక ఒడ్డు హోరెత్తుతోంది.

"అత్తా, ఇనపడతందా? రెండొందల మందికీ వొద్దు! ఒక్కలికీ వొద్దు!"

"రెండొందల మందికీనా? అంత గట్టిగా వొద్దన్నారా?"

"సేనా గట్టిగా అత్తా!"

"ఓలమ్మో!" అంది గురువమ్మ. ఆ ఓలమ్మోలో ఎంత పొంగుందో ఉమామహేష్‌కు ఫోనులో తెలియలేదు. ఇంత పెద్ద బేరం ఆవిడ పుట్టి బుద్ధెరిగి చూడలేదు. బయటి బేరగాళ్లకు పాట ఆపేసి, దిగిన పడవ దిగినట్టే సరుకంతా పక్కన పెట్టించింది. పది నిమిషాలకు మనసు కుదురుగా లేక నజీర్ కూడా ఫోను చేశాడు.

"అమ్మా, దండం పెడతాను, పంపొద్దు."

గురువమ్మ ఫోను చేత్తో మూసి చుట్టూ ఉన్న ఆడవాళ్లతో, "దండం కూడా ఎడతన్నారు. తగరపువలస నుంచి ఇంకో రెండు బళ్లు పిలిపించండే," అంది.

హిమబిందు గారు సరిగ్గా పదకొండింటికి వచ్చారు. నలభై ఏళ్లుంటాయి. నవ్వరు, కోప్పడరు, చిన్న పుస్తకంలో రాసుకుంటారు. అప్పటికి టీవీ మీద అంకె మూడొందల నలభై ఒకటి. ఆవిడ దాన్ని కాసేపు చూసి, "ఇవన్నీ ఈ ఉదయానివేనా?" అన్నారు.

"ఈ ఉదయానివే మేడమ్," అన్నాడు ఉమామహేష్. అది అబద్ధం కాదు గనక తడుముకోలేదు కూడా. బోర్డు దగ్గరికి వెళ్లి రెండేళ్లుగా అద్దం ముందు చెప్పుకున్న మాటలు అందుకున్నాడు. "మేడమ్, చేపలవాడి భయమంతా చేపే. మిగిలిపోతే కుళ్లుతుంది, కుళ్లితే నష్టం. మాకు ఆ భయమే లేదు. పడవ వాళ్లది, బండి వాళ్లది, సరుకు వాళ్లది. మాది ఫోనులో కలపడం ఒక్కటే. ఒక్క మాటలో చెప్పాలంటే, మా కంపెనీ దగ్గర ఒక్క చేప కూడా ఉండదు."

హిమబిందు గారు ఆ వాక్యాన్ని పుస్తకంలో రాసుకున్నారు. సరిగ్గా అప్పుడే కింద నుంచి ఇంటి ఓనరు జగ్గారావు కేక వినిపించింది. వాసన పడదని, అద్దె కాగితంలో వాసన గురించి ప్రత్యేకంగా ఒక పేరా రాయించిన మనిషి ఆయన. కేక వెనకే మెట్ల మీద ధబధబమని అడుగులు. తలుపు దగ్గర ట్రాలీ ఆటో డ్రైవరు కోటి నిలబడ్డాడు, నెత్తి మీద ట్రే, ట్రేలోంచి చెవి మీదుగా ఐసు నీళ్లు.

"సార్, సేపలు ఎక్కడ దించమంటారు?"

"ఏ సేపలు?" అన్నాడు ఉమామహేష్.

"మీయే సార్."

"మాకొద్దు! మాకు సేపలొద్దు!"

కోటి ముఖం విప్పారింది. "అలగే అంటారని గురువమ్మత్త సెప్పినాది సార్. ఆలు వొద్దంటానే ఉంటారు, నువ్వు దించీ అన్నాది," అని ట్రేని టీవీ కింద దించి, రెండోదాని కోసం పరుగెత్తాడు.

పావుగంటలో గాలం ఆఫీసులో మనిషి నిలబడే చోటు లేకుండా పోయింది. ఎటు చూసినా చేపలే, బల్ల కింద కవళ్లు, బల్ల మీద కానాగంతలు, నజీర్ కుర్చీలో చందువాలు. మూరెడు మూరెడు వంజరాలు తెల్లబోర్డుకు ఆనుకుని వరసగా, చిటికెడు నమూనా బొమ్మ మీదికి తలలు పెట్టి పడుకున్నాయి. ఇంతలో రెండో ఆటో కూడా వచ్చేసింది. నజీర్ "తౌబా తౌబా" అనుకుంటూ కంప్యూటరు తీగలన్నీ నెత్తిన పెట్టుకున్నాడు. ఒక పెట్టె మూత ఊడి పీతలు బయటపడ్డాయి. వాటిలో ఒకటి నింపాదిగా నడిచి వెళ్లి హిమబిందు గారి హ్యాండ్‌బ్యాగు ఎక్కింది.

హిమబిందు గారు పీతను చూశారు. పుస్తకం చూశారు. "మీ దగ్గర ఒక్క చేప కూడా ఉండదన్నారు," అన్నారు.

"ఇది పీత మేడమ్," అన్నాడు ఉమామహేష్. మనిషి పూర్తిగా మునిగిపోయాక నోటికి ఏ మాట తగిలితే అదే పట్టుకుంటాడు.

"ఎనక్కి పట్టుకెల్లిపో కోటీ, నీకు పున్యముంటాది," అని నజీర్ బతిమాలాడు.

కోటి ట్రే పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే అదిరిపడ్డాడు. "ఏటి సార్, అంత మాటన్నారు! ఒడ్డు దాటిన సేప మల్లీ ఒడ్డుకి రాకూడదు. పడవకి మంచిది కాదు. నన్ను ఊళ్లోకి రానిత్తారేటి?"

మూడో బండిలో గురువమ్మే దిగింది. ఇంత గట్టి బేరగాళ్లను కళ్లారా చూడకుండా ధర చెప్పడం తనవల్ల కాదనుకుంది. కొప్పు సర్దుకుని, మెట్లెక్కి, జగ్గారావును "తప్పుకో బాబూ" అని పక్కకు జరిపి లోపలికి వచ్చింది.

"ఏరీ? మూడొందల మంది వొద్దన్నారంట. ఏరీ నా బేరగాళ్లు? ఒకసారి మొకాలు సూపించు."

ఉమామహేష్ కానాగంతల కేసి చూశాడు. హిమబిందు గారి కేసి చూడలేకపోయాడు. "ఎవలూ లేరత్తా," అన్నాడు. "ఆలెవలూ కొనీవోళ్లు కాదు. ఈ మేడమ్‌కి సూపించడానికి ఊరికే నొక్కించాను. నీకు సెప్పాను కదేటి, నిజం కాదనీ."

గురువమ్మ చేతిలో చెంగు జారిపోయింది. తుపానులో పడవ తిరగబడ్డ రోజున కూడా ఆ ముఖం అలా అవలేదు.

"ఒక్కలూ కొన్లేదా?"

"నేదు."

"ఒరే అల్లుడా! ఒడ్డు మీద కొననని అబద్దం ఆడినోళ్లని నాను లచ్చమందిని సూశాను. అది బేరం. కొంటానని అబద్దం ఆడినోడ్ని పుట్టి ఇన్నేళ్లయినాది, ఎక్కడా సూళ్లేదురా. నువ్వెక్కడ నేర్సుకున్నావురా ఇది?"

టీవీ ఠింగుమంది. మూడొందల నలభై రెండు. ఉమామహేష్‌కు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. హిమబిందు గారు పుస్తకం మూసేశారు. ఆ చప్పుడుకే అతనికి వేబ్రిడ్జి మీద లారీ ఎక్కినట్టు వినిపించింది.

గురువమ్మ కాసేపు నుదురు పట్టుకుని కూర్చుంది. తర్వాత ఐసు కరుగుతున్న చప్పుడు చెవిన పడి లేచింది. ఏడవడానికి ఏ రోజైనా ఉంటుంది, చేపకు ఈ పూటే. "కోటీ, అన్నీ కిందకి దింపరా," అంది.

మద్దిలపాలెం బస్సు డిపో ఎదురు రోడ్డులో చేపల పాట అంతకు ముందు ఎప్పుడూ జరగలేదు. గురువమ్మ ఒక ఖాళీ ట్రే బోర్లించి, దాని మీదికెక్కి, గొంతెత్తి మొదటి కుప్ప ధర పలికింది. బస్సు దిగినవాళ్లు ఆగారు. ఎక్కబోయినవాళ్లు దిగారు. డ్యూటీ దిగిన కండక్టర్లు వచ్చారు, హాస్టలు వంటవాళ్లు వచ్చారు, సందుల్లోంచి ఆడవాళ్లు గిన్నెలు పట్టుకుని వచ్చారు. "మాకొద్దమ్మా, ఊరికే చూస్తున్నాం" అని ఒకాయన అనగానే గురువమ్మ ముఖం మీదికి ప్రాణం వచ్చింది. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. ఆయన నాలుగు కిలోల కానాగంతలతో ఇంటికి పోయాడు.

జగ్గారావు అద్దె కాగితం పట్టుకుని అడ్డం వచ్చాడు. "నా ఇంటి ముందు చేపలేమిటి? నాకు వాసనే పడదు! నాకు చేపలంటేనే వద్దు!"

గురువమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "వొద్దా బాబూ?"

"వద్దే వద్దు!"

ఆవిడ ఒక పెద్ద వంజరాన్ని తీసి పక్కన పెట్టింది. అరగంటకు జగ్గారావు దాన్ని అదే అద్దె కాగితంలో చుట్టుకుని, ఎవరూ చూడకుండా పెరటి దారిన లోపలికి వెళ్లాడు.

నలభై నిమిషాల్లో మూడు బళ్ల సరుకూ అయిపోయింది. రోడ్డు మీద తడి తప్ప ఏమీ మిగల్లేదు. హిమబిందు గారు ఒక చెట్టు నీడన నిలబడి మొత్తం చూశారు. పుస్తకం మళ్లీ తెరిచి ఉంది.

"ఉమామహేష్ గారూ, ఉత్తుత్తి ఆర్డర్లు నాకు కొత్త కాదు. వారానికి రెండు చూస్తాను," అన్నారు. "వాటికి నిజంగా సరుకు రావడం చూడటం ఇదే మొదటిసారి." ఆపైన అతన్ని దాటుకుని గురువమ్మ దగ్గరికి వెళ్లారు. "అమ్మా, ఈ కంపెనీలో మేము డబ్బు పెడతాం. మీరు సలహాదారుగా ఉండాలి."

"నాకొద్దమ్మా," అంది గురువమ్మ, చేతులు కడుక్కుంటూ.

ఉమామహేష్ ప్రాణం పోయింది. "అత్తా, ఒప్పుకో!" అని ముందుకు ఉరకబోతే నజీర్ అతని కాలు తొక్కాడు. "నోరు మూసుకో బావా," అన్నాడు చెవిలో. "ధర తేలనేదు."

హిమబిందు గారు పుస్తకంలో ఏదో కొట్టేశారు. "పోనీ, భాగస్వామిగా రండి."

"వొద్దులే తల్లీ. ఊరికే అల్లుడ్ని సూసి పోదారని వొచ్చాను."

"అయితే కంపెనీ మీరే నడపండి. ఆఫీసు భీమిలి ఒడ్డు మీదే పెడదాం. మీరు చెప్పిందే జరుగుతుంది."

"ఏటోనమ్మా, సదువు రానిదాన్ని."

"సంతకం వచ్చా?"

"అదొక్కటీ వొచ్చు," అంది గురువమ్మ. హిమబిందు గారి కారు బానెట్టు మీద కాగితాలు పరిచి, కొంగుతో చేయి తుడుచుకుని, పన్నెండున్నర దాటకుండానే సంతకం పెట్టేసింది.

యాప్ పని నజీర్‌కే ఉంచారు. ఉమామహేష్ సంగతి మీ ఇష్టమన్నారు హిమబిందు గారు. గురువమ్మ అల్లుడి వైపు తిరిగింది. కోపం అప్పటికే సగం దిగిపోయింది. ఎంతైనా తమ్ముడి కొడుకు. "రేపు తెల్లారగట్ల ఒడ్డు కాడికొచ్చీ నాయినా. తూకం కాడ నమ్మకమైన మనిషి కావాల. నువ్వుండు."

ఉమామహేష్ పొద్దుటి నుంచి జరిగిందంతా ఒకసారి గుర్తు చేసుకున్నాడు. మూడుసార్లు వద్దన్నవాళ్లకు కంపెనీయే చేతికొచ్చింది. చదువుకున్నవాడు గనక పాఠం వెంటనే పట్టేశాడు. చొక్కా మీది పొలుసు దులుపుకుని, మెడ నిటారుగా పెట్టి, "నాకొద్దత్తా," అన్నాడు.

"సర్లే నాయినా," అంది గురువమ్మ.

ఉమామహేష్ కంగారుగా గొంతు పెంచాడు. "నిజంగానే వొద్దత్తా! సేనా గట్టిగా వొద్దు!"

"ఇన్నాన్లే," అంది గురువమ్మ, సంతకం పెట్టిన కాగితం మడిచి బొడ్లో దోపుకుంటూ. "ధర తేలిపోనాది కదా నాయినా. ధర తేలాక వొద్దంటే వొద్దే."

సోమవారం ఉదయం పోర్టు వేబ్రిడ్జి మీద తూగిన మొదటి లారీ నంబరు ఉమామహేష్ గుండ్రటి అక్షరాలతో రాసుకున్నాడు. అందులో ఒక్క చేప కూడా లేదు.